గొట్టం లేని మైకు

తాండూరులో మజహర్‌ను మజహర్ అని పిలిచేది ఒక్క పోస్టుమానే. మిగతా ఊరందరికీ ఆయన మైకు మజ్జు. పెళ్లయినా, దర్గా ఉర్సయినా, ఓట్ల మీటింగయినా మైకు మజ్జు రావాల్సిందే. స్టేషను నుంచి బజారులోకి వచ్చే దారిలో ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. ఆ ఇంట్లో మనుషులు ఎక్కడ కూర్చోవాలో తెలిసేది కాదు గానీ ఆంప్లిఫయర్లకూ, వైరు చుట్టలకూ, గుమ్మడిపువ్వు ఆకారంలో ఉండే గొట్టాలకూ మాత్రం దేని చోటు దానికి ఉండేది.

దుకాణం పెట్టింది మజహర్ తండ్రి చాంద్‌పాషా. ఏళ్ల తరబడి గొట్టాల కింద నిలబడి పని చేసినందుకు ఆయనకు చివరికి మిగిలింది చెవుడు. పక్కన పిడుగు పడితే, "ఎవరో తలుపు కొట్టిన్రు, చూడున్రి" అనేవాడు. కొడుకు దానికి సరిగ్గా ఎదురు. మైకు కుయ్యిమని ఊళ పెట్టబోయే ముందు, అది ఇంకా ఎవరి చెవినా పడకముందే, మజహర్ చెయ్యి మీట మీదికి పోయేది. ఇదేం విద్యరా అని అడిగితే, "కూసే ముందు అది గొంతు సవరించుకుంటది. గంతే" అనేవాడు.

ఇక తల్లి జహీరాబీ. మనిషి చిన్నది, నోరు పెద్దది. కూరగాయల బేరం దగ్గర ఆమె ముందు నిలబడి గెలిచినవాడు తాండూరులో లేడు. అలాంటి మనిషి మైకు ఉన్న గదిలో మాత్రం మూగదయ్యేది. అటు వైపు వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తుమ్ము వస్తే పెరట్లోకి పరుగెత్తి తుమ్మి వచ్చేది. ఎందుకలా అని ఎవరిని అడిగినా పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పేవాళ్లు. ఆమె ఒక్కతే చెప్పేది కాదు.

అది 1969. తెలంగాణ కావాలని ఊళ్లన్నీ ఊగిపోతున్న ఏడాది. బడులు మూతపడ్డాయి, మీటింగులు తెరుచుకున్నాయి, మైకు సెట్టుకు చేతినిండా పని. ఆ రోజు బజారు చౌరస్తాలో సభ. ఆంప్లిఫయర్ ఇంకా దుకాణంలోనే ఉంది, వైరు లాగి ఒక గొట్టం స్తంభానికి కట్టేశారు. రెండోది కట్టడానికి తండ్రీకొడుకులు పైకెక్కారు. మైకేమో ఇంట్లో మంచం మీద పడి ఉంది, అదీ ఆన్‌లో. జహీరాబీ చాటలో బియ్యం తెచ్చుకుని అదే మంచం మీద కూర్చుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. చేతికి పని దొరికితే ఆమె నోటికీ పని కావాలి. ఆ ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, నేను తెలుగు చేసి చెబుతున్నాను. తిట్లు మాత్రం ఏ భాషలోనైనా ఆమెవే.

"గా భీమప్ప దోస్తాన చూడాలె! పండుగకు షీర్‌ఖుర్మా గిన్నెడు తాగి మూతి తుడ్సుకుంట పోతడు. ఆయన హోటల్ల చాయ్ అడుగు, తెలుస్తది. చాయ్‌పత్తి ఎట్లుంటదో గా నీళ్లకు తెల్వనే తెల్వదు. గిన్నె కడిగిన నీళ్లు నయం."

భీమప్ప హోటలు చౌరస్తాలోనే. గొట్టం కట్టిన స్తంభం ఆయన గడప ముందరే. అప్పుడాయన సభకు వచ్చిన పెద్దమనుషులకు చాయ్ పోస్తున్నాడు. జహీరాబీకి ఇంట్లో కూర్చుంటే తన మాటలే మళ్లీ బజారు నుంచి వినిపించాయి. ఎవరో ఆడది తనను వెక్కిరిస్తోందనుకుంది. "ఎవతే నువ్వు? నా తీరు మాట్లాడుతున్నవ్? దమ్ముంటె ముందటికొచ్చి మాట్లాడు!" అని అరిచింది. బజారులో ఆడది కూడా అంతే గట్టిగా, దమ్ముంటే ముందటికి రమ్మంది. ఇద్దరూ చాలాసేపు పోట్లాడుకున్నారు. చాంద్‌పాషాకు అప్పట్లో చెవులు బాగానే ఉండేవి కాబట్టి స్తంభం మీంచి కిందికి జారినంత పని చేశాడు. సభ సగం నవ్వులతోనే గడిచింది. మర్నాడు పొద్దున భీమప్ప కెటిల్ నిండా నల్లటి చాయ్ పంపి, "గిప్పుడు పత్తి కనబడుతుందా అడుగున్రి వదినెను" అన్నాడు. ఆమె ఆ చాయ్ తాగింది గానీ, ఆ రోజు నుంచి మైకు ముందు నోరు తెరవలేదు. ఆమె లెక్కలో మైకంటే బజారు.

ఇది జరిగి పన్నెండేళ్లయింది. మజహర్ వికారాబాదు కాలేజీలో డిగ్రీ ఎలాగో గట్టెక్కి, అలీమాబీని చేసుకుని, తండ్రి దుకాణం మీదేసుకున్నాడు. ఒకసారి వికారాబాదులోనే ఒక బడి వార్షికోత్సవానికి మైకు పెట్టాడు. ఆ సభకు మనోరమ అనే సంగీతం లెక్చరర్ ముఖ్య అతిథి. పరిగి దగ్గర భూములున్న కుటుంబం వాళ్లది, కాపురం వికారాబాదులో, ఉద్యోగం హైదరాబాదు విశ్వవిద్యాలయంలో. ఆమె పాడుతుండగా మైకు మధ్యలో ఊళ పెట్టబోతే మజహర్ చెయ్యి మీట మీదికి పోవడం చూసింది. సభ అయ్యాక పిలిచి ఎలా తెలిసిందని అడిగింది. గొంతు సవరించుకుంటది అనే జవాబు విని నవ్వలేదు. "మా దగ్గర కొత్తగా ఒక ఎమ్మే పెట్టాం. సంగీత శాస్త్రం, దానితో పాటు శబ్దాన్ని టేపు మీదికి పట్టే విద్య. నువ్వు వచ్చి చేరు" అంది.

మజహర్ నిజంగానే చేరాడు. ముప్పై దాటిన మనిషి సంచీలో పుస్తకాలు పెట్టుకుని పొద్దున్నే రైలెక్కుతుంటే బజారు ఊరుకుంటుందా? "మైకు పట్టుకునేటోనికి ఎమ్మే ఎందుకురా? గొట్టం కట్టనీకె పట్టా కావాల్నా?" అని భీమప్ప రోజూ ఒక్కసారైనా అనేవాడు. జహీరాబీ కొడుకు పక్షం తీసుకుంది. "చదువుకు పోతుండు గని పేకాటకు పోతలేడు గద. నీకేం నొప్పి?" అని గడపలోంచే కేకేసింది. స్తంభాలెక్కే పని జీతగాడు శివయ్యకు, దుకాణం చూసే పని అలీమాబీకి అప్పజెప్పి మజహర్ విద్యార్థి అయ్యాడు. పెళ్లిళ్ల కాలంలో బేరాలు చాలా పక్క దుకాణానికి పోయాయి. ఇంత చేసి పాసు కాకపోతే బజారులో తల ఎత్తుకోవడం ఎట్లా అన్న భయం మాత్రం ఆయన సంచీలో పుస్తకాలతో పాటు రోజూ రైలెక్కేది.

మొదటి రోజే స్టూడియోలో నవ్వులపాలయ్యాడు. గోడలకు మెత్తటి దళసరి బట్ట, తలుపు వేస్తే ఎవరి ఊపిరి వాళ్లకే వినిపించే గది. మజహర్ మైకు ముందుకు పోయి, రెండుసార్లు ఉఫ్ ఉఫ్ అని ఊది, "హలో హలో, మైక్ టెస్టింగ్" అన్నాడు. మీటరులో ముల్లు ఆ చివరకు పోయి కొట్టుకుంది. మనోరమ చెవుల మీంచి హెడ్‌ఫోన్లు లాగి పడేసింది.

"ఊదితే మైకు పాడవుతుందని తెలీదా?"

"తాండూర్ల ఊదకుంటె పబ్లిక్ నమ్మరు మేడమ్."

తోటి విద్యార్థులంతా ఇరవై ఏళ్ల పిల్లలు. రాగాల పేర్లు వాళ్లకు కంఠోపాఠం. మజహర్‌కు సరిగమలు కూడా కొత్తే. కానీ చెవి ఉంది. ఒక స్వరం వింటే అది తంబూరా శ్రుతికి ఎక్కడ నిలుస్తుందో ఠక్కున చెప్పేవాడు. తన ఆంప్లిఫయర్ పాతికేళ్లుగా పంచమంలోనే ఊళ పెడుతోందని కనిపెట్టిన రోజు ఇంటికొచ్చి అదేదో లాటరీ తగిలినట్టు అందరికీ చెప్పాడు. స్వరలిపి రాయడం రైల్లో నేర్చుకున్నాడు. వికారాబాదులో ఎక్కే రోజువారీ ప్రయాణికులు తాళాలు తెచ్చుకుని హైదరాబాదు దాకా భజన చేసేవాళ్లు. వాళ్ల పాటలు మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసేవాడు. తప్పు రాస్తే వాళ్లే మళ్లీ పాడి పెట్టేవాళ్లు, ఆపైన సీతాఫలం చేతిలో పెట్టేవాళ్లు.

మొదటి ఏడు చివర ఆ భజననే విశ్వవిద్యాలయం ఇచ్చిన స్పూలు టేపు రికార్డరు మీద పట్టి తెచ్చాడు. మనోరమ వింటూనే మొహం చిట్లించింది.

"ఇది నీ గొట్టంలోంచి విన్నట్టే ఉంది మజహర్. నోటికి ఆనించి పెట్టావు, ఎంత వీలైతే అంత పెంచావు. ఇంతకూ రైలు ఏదీ?"

"రైలు చప్పుడు రావొద్దని మస్తు తిప్పలు పడ్డ మేడమ్."

"రైలు చప్పుడులో పాడుకునే భజన అది. ఆ చప్పుడు తీసేస్తే వాళ్లు ఎక్కడ కూర్చుని పాడుతున్నట్టు?"

ఆ మాట మజహర్‌కు నిద్ర పట్టనివ్వలేదు. గట్టిగా వినిపించడం ఒకటే పనిగా బతికిన మనిషికి, చుట్టూ ఉన్నదాన్ని కూడా విననివ్వాలని చెబితే ఒకంతట తలకెక్కలేదు. ఎక్కాక మాత్రం దిగలేదు.

రెండో ఏట ఒకనాడు స్టూడియోలో వైరు చుట్టుకుంటూ తనకు తెలియకుండానే ఏదో కూనిరాగం తీశాడు. మనోరమ ఆగిపోయింది. అదేమిటని అడిగింది. "మా అమ్మీ ఇసుర్రాయి తిప్పుకుంట పాడేది మేడమ్. చక్కీ పాట. నాకు గా ఒక్క ముక్కనే యాదికున్నది" అన్నాడు. ఆమె మళ్లీ పాడించుకుంది. మూడోసారి పాడించుకుని, "ఇదే నీ ఎమ్మే. పూర్తి పాట రికార్డు చెయ్యి, స్వరలిపి రాయి. రెండూ ఉంటేనే పాసు" అని అక్కడికక్కడే విషయం ఖాయం చేసింది. మజహర్ ఉత్సాహంగా తల ఊపాడు. తన తల్లి ఎవరో ఆ క్షణాన మరిచిపోయాడు పాపం.

ఆ పాటలకు ఒక పద్ధతి ఉంది. తాండూరు చుట్టుపక్కల ముసల్మాను ఇళ్లలో విసుర్రాయి పాటలు ఆడవాళ్లవి. మగవాళ్లు పనుల మీద బయటికి పోయాకే గొంతులు లేస్తాయి. గడప దగ్గర చెప్పుల చప్పుడైతే పాట ఆగిపోయి ఒట్టి రాయి చప్పుడే వినిపిస్తుంది. పాలపళ్లు ఊడని పిల్లగాళ్లకు మాత్రం తల్లి ఒడిలో తల పెట్టుకుని వినే హక్కు ఉంటుంది. మజహర్‌కు గుర్తున్న ఆ ఒక్క ముక్క అప్పటిదే. తర్వాత బజారులోకి పిండి గిర్నీ వచ్చింది, విసుర్రాయి పెరట్లోకి పోయింది, కోళ్లు దాని మీదెక్కి కూర్చోవడం మొదలుపెట్టాయి.

"అమ్మీ, జర గా చక్కీ పాట పాడవా? మైకుల..." అన్నాడో లేదో, జహీరాబీ కొంగు నోటికి పోయింది.

"గొట్టం లేదమ్మీ. బజారుకు వైరే లేదు. టేపుల పడుతది, గంతే."

"గొట్టం లేని మైకు ఏందిరా? పాతికేండ్లు మైకు సెట్టోని పెండ్లాన్ని. నాకే చెప్తవా? యాడనో ఒకాడ ఉంటది గొట్టం. నువ్వు చూపిస్తలేవు."

వైరు మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడిమి చూపించినా నమ్మలేదు. అప్పుడు మజహర్ ఒక తెలివితక్కువ పని చేశాడు. ఎండుమిరపకాయల గంపలో మైకు దాచిపెట్టి, ఆమె అటొచ్చినప్పుడు ఏదో ఒకటి పాడకపోతుందా అని పక్క గదిలో కాచుకున్నాడు. జహీరాబీ వచ్చింది. గంప అంచున వైరు తోక చూసింది. మైకును బయటికి లాగి, మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ, ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి దానిలోకి మాట్లాడింది. "మజ్జూ! నేను నీ అమ్మనా, దొంగనా? దొంగతనంగ నా గొంతు పట్టుకపోతవా?" అంది. ఆ తర్వాత కొడుకుతో మూడు రోజులు మాట్లాడలేదు. చేసిన పని తప్పని మజహర్‌కు అంతకు ముందే తెలుసు. తల్లి గొంతులో కోపం కంటే బాధ ఎక్కువ వినిపించేసరికి సిగ్గుతో చచ్చిపోయాడు. మైకు సంచీలో పెట్టేసి, రికార్డింగు మాట మళ్లీ ఇంట్లో ఎత్తలేదు.

దారి చూపింది అలీమాబీ. ఆమె అత్తకు భయపడే రకం కాదు, అత్తను ఎదిరించే రకమూ కాదు. ఒకనాడు మధ్యాహ్నం అత్త తలకు నూనె పెడుతూ, "మైకు ఆయన పట్టుకుంటె బజారు అమ్మీ. నేను పట్టుకుంటె? ఇంట్ల మనిద్దరమే ఉంటం. ఆయన్ను వికారాబాద్ పంపిద్దం" అంది. జహీరాబీ రాలిన వెంట్రుకలు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. చివరికి, "రాయి లేకుంటె పాట రాదు. చెయ్యి తిరిగితెనే నోరు తిరుగుతది" అంది. అలీమాబీకి ఒప్పుకోలు అర్థమైంది. ఆ సాయంత్రమే కోళ్లను దింపి రాయి కడిగింది. నాపరాయి గనుల్లో పనిచేసే దేవప్పను పిలిపించి, అరిగిపోయిన రాతికి మళ్లీ గరుకు తేలేలా కక్కు కొట్టించింది.

ఇక మజహర్ భార్యకు పాఠాలు మొదలుపెట్టాడు. టేపు ఎక్కించడం, మీటరు ముల్లు ఎర్ర గీత దాటకుండా చూడటం, తప్పు జరిగితే ఆపకుండా సాగనివ్వడం. మైకు ఎక్కడ పెట్టాలన్నది మాత్రం తనే తేల్చుకున్నాడు. రాయి దగ్గర పెడితే గరగర తప్ప ఇంకేం వినిపించదు. నోటి దగ్గర పెడితే రాయి మాయమై, మళ్లీ అదే గొట్టం. అలీమాబీ చేత ఉత్త రాయి తిప్పించి, తను హెడ్‌ఫోన్లు పెట్టుకుని గదంతా తిరిగాడు. చివరికి వాసానికి వేలాడదీసి, తిప్పే మనిషి కుడి భుజం వెనక, జానెడు పైన నిలిపాడు. అక్కడైతే రాయి, గొంతు, గిన్నెలో జొన్నల గలగల మూడూ దేని చోట అది ఉన్నాయి. మనోరమ చెప్పిన రైలు మాట ఇప్పుడు సరిగ్గా తెలిసొచ్చింది.

రికార్డింగు రోజున మజహర్‌ను పొద్దున్నే ఇంట్లోంచి పంపేశారు. చాంద్‌పాషాను పంపడమా వద్దా అన్న దగ్గర కొంచెం చర్చ నడిచింది. "చెవులే పన్జెయ్యనోడు మొగోడెట్లయితడు?" అని జహీరాబీ తేల్చేయడంతో ఆయనకు మంచం మీదే కూర్చునే అనుమతి దొరికింది. మజహర్ వికారాబాదులో దిగి, అనంతగిరి దారిలో ఊరికే తిరిగి, ఏమీ తినలేక, చీకటి పడకముందే తిరిగొచ్చాడు. అలీమాబీ గడపలోనే చూపులతో అయిందని చెప్పింది. జహీరాబీ పిండి అంటిన చేతులతో టేపు డబ్బా కొడుక్కిచ్చి, వేలు చూపించింది.

"ఒక్క మాట. గీ పాట మొగోళ్లు ఇనొద్దు. నువ్వు గూడ."

"నీ కసమ్ అమ్మీ. ఇనను" అని ఒట్టేశాడు మజహర్ ఆనందం పట్టలేక. స్వరలిపి సంగతి ఆయనకు పడుకోబోయేముందు గుర్తొచ్చింది. వినకుండా రాయడం ఎలా?

తర్వాత మూడు వారాలు ఆ డబ్బా దుకాణంలో షెల్ఫు మీదే ఉంది. పక్కనే టేపు రికార్డరూ ఉంది. తలుపు వేసుకుంటే అడిగేవాడు లేడు. మజహర్ రోజుకు నాలుగుసార్లు దాన్ని చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేవాడు. గంపలో మైకు దాచినప్పుడు తల్లి గొంతులో వినిపించిన బాధ ఆ డబ్బా ముట్టుకోగానే మళ్లీ వినిపించేది. పైగా జహీరాబీ ఆ మూడు వారాలూ ముభావంగా ఉంది. అన్నం పెడితే పళ్లెం దబ్బున పెట్టేది. "ఏం పని నడుస్తుంది?" అని అడిగేది. "నడుస్తుందమ్మీ" అంటే మూతి తిప్పుకుని పోయేది. బలవంతాన పాడించానని ఇంకా కోపంగా ఉందనుకుని మజహర్ నోరు మూసుకున్నాడు.

టేపును వికారాబాదులో మనోరమ ఇంటికే తీసుకుపోయి ఇచ్చి, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె వెంటనే భర్త రాజేందర్‌ను పిలిచి, "మీరు చాయ్ తీసుకుని వరండాలోకి పోండి, నేను పిలిచేదాకా రావద్దు" అంది. ఆయన వకీలు, కారణం అడగకుండా ఏ పనీ చేయని మనిషి. ఆ రోజు మాత్రం భార్య మొహం చూసి కప్పు తీసుకుని నడిచాడు. మజహర్ కూడా వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడు మనోరమ కళ్లు తడిగా ఉన్నాయి.

"రికార్డింగు చాలా బాగుంది. చేసింది మీ ఆవిడ కాబట్టి రికార్డింగు కింద పేరు ఆవిడదే రాయి. మైకు ఎక్కడ పెట్టాలో కనిపెట్టింది నువ్వు, అది నీది. పాట ఎట్లా ఉందో నేను చెప్పను. మరి స్వరలిపి?"

"ఇనకుండ ఎట్ల రాస్త మేడమ్?"

"నేను విని రాసిస్తే అది నాదవుతుంది."

హైదరాబాదులో పరీక్షకుల ముందు కూడా అదే మాట. స్వరలిపి లేనిదే పట్టా లేదు, మూడు నెలల్లో రాసి తెస్తే సరి, లేకపోతే రెండేళ్లూ వృథా అన్నారు. మజహర్ తల వంచుకుని మధ్యాహ్నం రైలుకు తాండూరు చేరాడు. రైల్లో భజనవాళ్లు ఎవరూ లేని వేళ అది. భీమప్ప హోటలు ముందు నుంచి పోవాల్సి వస్తుందని వెనక సందులోంచి ఇంట్లోకి దూరాడు.

జహీరాబీ మొహం చూడగానే కనిపెట్టింది. "ఏమన్నరు?" అంది.

"పాస్ కాలేదమ్మీ."

ఆమె నిలబడ్డచోటే కూర్చుంది. ఎప్పుడూ ఎవరికీ తగ్గని ఆ గొంతు సన్నగా వచ్చింది. "నా పాట బాగ లేదన్నరా?"

మజహర్ సంచీ దించి, "అట్లెవరన్నరు? పాట నేను ఇంటే గద!" అన్నాడు.

"ఇనలేదా?"

"నీకు కసమ్ జేసిన గద అమ్మీ."

జహీరాబీ కోడలి వైపు చూసింది. అలీమాబీ ఔనన్నట్టు తల ఊపి, "డబ్బా పట్టుకునుడు, పెట్టుడు. గిదే పని అమ్మీ, మూడు వారాలు" అంది.

అప్పుడు పగిలింది జహీరాబీ. "ఓరి పాగల్ పోరడా! మొగోళ్లు ఇనొద్దని అనాలె గనక అన్న. ఇంటి మర్యాద అది, అనకుంటె ఎట్ల? నువ్వు ఇంటవనే గద నేను గంత మంచిగ పాడింది! మా అమ్మ నేర్పిన ముక్కలన్నీ యాది తెచ్చుకుని, ఒక్కటి ఇడువకుండ పాడిన. ఇని ఒక్క మాటన్న అంటడేమో, అమ్మీ మంచిగ పాడినవ్ అంటడేమో అని దినాం చూస్తున్న. అననే అనవాయె. బాగ లేదేమో, నా మొహం మీద అనలేక ఊకున్నడేమో అనుకుని నాకు బువ్వ దిగలేదు!"

మజహర్‌కు పళ్లెం దబ్బుమన్నది ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఎక్కడో మైలు దూరంలో మైకు గొంతు సవరించుకుంటే వినే చెవులు, ఇంట్లో తల్లి ముభావం మాత్రం వినలేకపోయాయి.

"డబ్బా ఏది?" అంది ఆమె కళ్లు తుడుచుకుని.

"మేడమ్ కాడ ఉన్నది."

"ఉండనీ. దుకాణం తలుపు పెట్టు. అలీమా, జొన్నలు తే."

రాయి ముందు ఆమె ఒక కాలు చాపుకుని కూర్చుంది. మజహర్ సంచీలోంచి కాగితాలు తీయబోతే, "కాయితాలు తర్వాత. పిడి పట్టు" అని తన ఎదురుగా కూర్చోబెట్టింది. ఒకే పిడి మీద ఇద్దరి చేతులు. రాయి కదిలింది. ఆమె కళ్లు మూసుకుని ఎత్తుకుంది.

"అల్లా బోల్‌కో ముట్టి డాలూఁ, అమ్మా బోల్‌కో ఫిరాఊఁ..."

అల్లా అని పిడికెడు పోస్తాను, అమ్మా అని తిప్పుతాను అని. పోసే ప్రతి పిడికెడూ ఒకరికి. పుట్టింట్లో ఉన్న అన్నకు, నీళ్లు మోసే చెల్లెకు, పెళ్లిళ్లలో పస్తులుండి మైకు కట్టే మొగుడికి. మజహర్‌కు గుర్తున్న ముక్క వచ్చింది, దాటి పోయింది, దాని వెనక పాట ఇంకా ఎంతో ఉంది. ఒకచోట స్వరం సాగి సాగి ఆగుతుంటే ఎందుకో మొదట అర్థం కాలేదు. పిడి తన వైపు వచ్చినప్పుడు తల్లి చెయ్యి పూర్తిగా చాచాల్సి వస్తోంది. ఆ చెయ్యి వెనక్కి వచ్చేదాకా స్వరం నిలబడుతోంది. ఇది టేపు పది సార్లు విన్నా తెలిసేది కాదు.

ఆ స్వరలిపిలో ప్రతి వరుస కిందా రాయి తిరిగిన చుట్టు గీసి చూపించాడు మజహర్. మనోరమ టేపుతో పోల్చి చూసుకుని సంతకం పెట్టింది, సెకండు క్లాసులో పట్టా వచ్చింది. భీమప్ప ఆ రోజు బజారంతటికీ చాయ్ పోయించాడు, పత్తి బాగానే వేసి. ఆ తర్వాత మజహర్ మైకు సెట్టు మానలేదు గానీ, పెళ్లిళ్లు లేని రోజుల్లో అలీమాబీని వెంటబెట్టుకుని పరిగి, దోమ వైపు ఊళ్లకు బస్సెక్కేవాడు. ఆమె ఇళ్లలోపల టేపు నడిపేది. ఆయన బయట అరుగు మీద కూర్చుని మగవాళ్లను మాటల్లో పెట్టేవాడు. కానీ ఇదంతా తర్వాతి మాట.

ఆ మధ్యాహ్నం పాట అయ్యేసరికి పిండి గిన్నెడు అయింది. మంచం మీద చాంద్‌పాషా అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. జహీరాబీ రాయి ఆపి, కొంగుతో చెమట తుడుచుకుని, "ఎట్లుందిరా?" అంది.

మజహర్ పిండి చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడిస్తె నాకెట్ల తెలుస్తది? బాగున్నదో లేదో చెప్పు."

"మస్తున్నది అమ్మీ. మస్తు పాడినవ్."

"గా ముక్క చెప్పనీకె గిన్ని దినాలా?" అని జహీరాబీ ఇంకో పిడికెడు జొన్నలు పోసింది.